మగ్గం గుంటలోంచి లేవడం: బైపాస్ తర్వాత ఒక చేనేత కార్మికుడి పునరావాసం

పేషెంటు 54 ఏళ్ళ చేనేత కార్మికుడు. ఊరు నల్లగొండ జిల్లాలో చండూరు వైపు. తొమ్మిదేళ్ళుగా షుగర్ ఉంది, బీడీ అలవాటు ముప్పై ఏళ్ళది. ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్‌లో బైపాస్ చేశారు. మూడు గ్రాఫ్టులు, అంటే మూసుకున్న చోటును దాటించే కొత్త రక్తనాళాలు, వేశారు. ఒకదానికి ఛాతీ లోపలి ఎడమ ధమనిని, మిగతా రెండింటికి ఎడమ కాలి సిరను వాడారు. ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ఒక్కో దెబ్బకు బయటికి పంపే రక్తం, 45 శాతం. ఎనిమిదో రోజు డిశ్చార్జ్ చేశారు. మా దగ్గరికి వచ్చేసరికి ఐదో వారం నడుస్తోంది. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

నేను ఫిజియోథెరపిస్టును. నల్లగొండలో మాది చిన్న సెంటర్. స్టాఫ్ నర్సు రోజూ ఉంటుంది. డైటీషియన్ వారానికో రోజు, కార్డియాలజిస్టు రెండు వారాలకోసారి శనివారం వస్తారు. సైకాలజిస్టు హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో మాట్లాడతారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు లేరు. ఆ పని తలా కొంత పంచుకుంటాం. పన్నెండు వారాల్లో 36 సెషన్లు అని పుస్తకాలు చెప్పే లెక్క ఇక్కడ సాగదు. వారానికి మూడుసార్లు బస్సెక్కి ఎవరొస్తారు? మహాలక్ష్మి పథకంలో భార్యకు బస్సు ఉచితం కానీ ఆయనకు టికెట్ కొనాలి. పైగా వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఇద్దరి పనీ ఆగుతుంది. అందుకని వారానికి ఒక రోజు సెంటర్లో, మిగతా రోజులు ఇంట్లో అని ప్లాన్ వేసుకున్నాం. ఊళ్ళో బీపీ చూసే పని ఆశా కార్యకర్త ఒప్పుకుంది.

మొదటి రోజు

మనిషి లోపలికి వచ్చిన తీరు చూస్తేనే సగం విషయం అర్థమైంది. ఎడమ చేయి పొట్టకు అదిమిపెట్టుకున్నాడు. మెడ ముందుకు వంచి, అల్లుడి భుజం పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తున్నాడు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఇంట్లో మంచం దిగనివ్వలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా తలా ఒక మాట చెప్పి వెళ్ళారు. చేయి లేపితే కుట్లు తెగుతయి, దగ్గితే లోపలి తీగ ఊడుతది, పప్పు తింటే చీము పడతది. డిశ్చార్జ్ కాగితంలో మాత్రం "క్రమంగా నడక పెంచాలి" అని ఒకే ముక్క ఉంది. ఆ ఒక్క ముక్క ఇంతమంది ముందు ఏం నిలుస్తుంది?

కూర్చున్నప్పుడు బీపీ 94/60, పల్స్ 50. నిలబెడితే బీపీ 80కి పడిపోయింది, కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. ఆపరేషన్ నీరసమే అని ఇంట్లోవాళ్ళ నమ్మకం. ఆ రోజు ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టకుండా వదిలేశాను. అంత తక్కువ బీపీతో నడిపించి తెలుసుకునేదేమీ ఉండదు.

నర్సు ఆయన భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, "అత్తా, మందుల సంచి మొత్తం టేబుల్ మీద పొయ్యి. అయిపోయిన షీట్లు కూడా" అంది. ఆమె బట్టల షాపు కవరు బోర్లించింది. నర్సు ఒక్కో షీటూ వెనక్కి తిప్పి, బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదువుతూ డిశ్చార్జ్ కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ పోయింది. ఒకచోట ఆగి రెండు షీట్లు పక్కపక్కన పెట్టి నన్ను పిలిచింది. ఒకటి తెల్ల మాత్ర, ఇంకోటి గులాబీ రంగు మాత్ర. కంపెనీలు వేరు, పేర్లు వేరు. వెనక రాసి ఉన్న మందు మాత్రం ఒక్కటే, పల్స్‌నూ బీపీనీ తగ్గించే మెటోప్రోలాల్ 50. హైదరాబాద్‌లో ఇచ్చిన మాత్రలు అయిపోయినప్పుడు ఊళ్ళో మెడికల్ షాపులో అదే మందు వేరే బ్రాండులో ఇచ్చారు. అల్లుడు తర్వాత హైదరాబాద్ వెళ్ళి పాత బ్రాండు కూడా తెచ్చాడు. ఇంట్లో రెండూ వేసుకుంటున్నారు. ఎవరి తప్పూ లేదు. ఒకే మందు రెండు రంగుల్లో ఉంటుందని వాళ్ళకు ఎవరు చెప్పాలి?

కార్డియాలజిస్టుకు ఫోన్ చేస్తే ఆయన ఒక బ్రాండు ఆపించి, వారం తర్వాత చూస్తానన్నారు. వారం తిరిగేసరికి పల్స్ 68, బీపీ 116/74. "కండ్లు తిరుగుడు పోయింది సారూ" అంటూ తనంతట తాను నడిచి వచ్చాడు. ఆ వారం నేను చేయించింది శ్వాస వ్యాయామాలు, మంచం మీద కాళ్ళ కదలికలు మాత్రమే. మొదటి మెరుగుదల నర్సు ఖాతాలోది.

ఛాతీ, చేయి, ఊపిరి

రొమ్ము ఎముక అతుక్కోవడానికి మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. షుగర్, పొగ రెండూ ఉన్నవాళ్ళలో ఆలస్యం కావచ్చు, ఇన్ఫెక్షన్ భయమూ ఎక్కువే. అందుకని ప్రతి వారం గాయానికి రెండు పక్కలా వేళ్ళు పెట్టి దగ్గించి చూశాను. టిక్కుమనే కదలిక ఎప్పుడూ తగల్లేదు. గాయం పొడిగా ఉంది.

భుజం కథ వేరు. ఎడమ చేయి పక్కకు 95 డిగ్రీలు దాటి లేవడం లేదు. ఐదు వారాలు కదల్చకపోతే ఏ భుజమైనా బిగుసుకుంటుంది, షుగర్ ఉన్నవాళ్ళకు మరీ. దీనికి తోడు ఛాతీ ఎడమ వైపు మంట, తిమ్మిరి. గ్రాఫ్టు కోసం లోపలి ధమనిని తీసేటప్పుడు పక్కనున్న సన్నని నరాలు దెబ్బతింటాయి. దానివల్ల ఇలా కొన్ని నెలలు ఉండటం మామూలే. ఆయనేమో మంట వచ్చినప్పుడల్లా మళ్ళీ గుండెపోటు వస్తోందని రాత్రుళ్ళు లేచి కూర్చుంటున్నాడు. చర్మం మీద వేలితో రాస్తే మంట పుడుతోంది. మెట్టు ఎక్కితే మాత్రం పెరగడం లేదు. ఆ తేడాను ఆయన చేతే పరీక్షించి చూపించాక రాత్రి భయం కొంత దిగింది.

చేతి వ్యాయామాలకు పెట్టిన నియమం ఒక్కటే. మోచేతులు పక్కటెముకలకు ఆనించి ఉంచి ఏం చేసినా సరే, మోచేతులు ఒంటికి దూరమైతే బరువు పట్టొద్దు. "రెండు నెలలు ఐదు కిలోలకు మించి లేపొద్దు" అనే మాట చాలామంది విన్నదే. కిలోల కంటే, బరువు ఒంటికి ఎంత దగ్గరగా ఉందన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. ఇంట్లోవాళ్ళు మాత్రం నా మాటకు తలూపి, ఇంటికెళ్ళి మళ్ళీ చేయి కట్టేశారు. శనివారం కార్డియాలజిస్టు నోట్‌బుక్‌లో "ఎడమ చేయి పైకి ఎత్తవచ్చు. రోజూ ఎత్తాలి" అని తెలుగులో రాసి సంతకం పెట్టారు. ఆ పేజీని అల్లుడు ఫోన్‌లో ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. పరామర్శల సలహాలు అక్కడితో ఆగాయి.

ఆ నోట్‌బుక్ గురించి ఒక మాట. మామూలు రెండొందల పేజీల పుస్తకం. ఎడమ పేజీ ఇంటివాళ్ళది. పొద్దున బరువు, బీపీ, షుగర్, నడిచిన నిమిషాలు అందులో రాయాలి. కుడి పేజీ మాది. ఎవరు ఏం చెప్పినా అందులోనే రాయాలి, వేరే చీటీలు ఉండవు. ముందు పేజీలో రాసింది చదవకుండా ఎవరూ కొత్త మాట చెప్పకూడదు. టీమ్ అంటే మాకు ఆచరణలో ఇదే. నలుగురం ఒక గదిలో కలిసింది తక్కువే.

ఊపిరితిత్తుల్లో ఎడమ అడుగు భాగంలో శబ్దం తగ్గి ఉంది. ఎక్స్‌రేలో కొంచెం నీరు కనిపించింది. తీయాల్సినంత లేదని కార్డియాలజిస్టు తేల్చారు. ఊపిరి లాగి బంతులు లేపే మూడు బంతుల స్పైరోమీటర్ ఏదమ్మా అని అడిగితే మనవడు ఆడుకుంటున్నాడన్నారు. మర్నాడు కడిగి వాడటం మొదలుపెట్టారు. మొదట్లో ఒక బంతి లేచేది, నెలకల్లా మూడోది కదిలింది. దగ్గేటప్పుడు దిండును ఛాతీకి హత్తుకోవడం నేర్పాం. దగ్గు భయం పోవడానికి అంతకు మించిన మందు లేదు.

తిండి

డైటీషియన్ మొదటి ప్రశ్న "ఏం తినొద్దన్నారు?" అని. పప్పు వద్దు, వంకాయ వద్దు, గుడ్డు వద్దు, పెరుగు వద్దు. ఐదు వారాలుగా పూటపూటా అన్నం, కారప్పొడి, చింతకాయ తొక్కు. రక్తంలో హిమోగ్లోబిన్ 9.6, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9. అంటే మాంసకృత్తులు లేవు, ఉప్పు బోలెడు, షుగర్‌కు అన్నం. పథ్యం పేరుతో గాయం మానడానికి కావలసినవన్నీ ఆపేశారు.

డైటీషియన్ ఆయన భార్యతో వాదనకు దిగలేదు. "చీము పప్పుతో కాదత్తా, షుగర్‌తో పడతది. గాయం మానాలంటే పప్పు, గుడ్డు కావాలె" అని ఒక మాటన్నది. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, రోజుకో గుడ్డు, మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు రాయించింది. ఉప్పు రోజుకు ఒక చెంచా, అంటే ఐదు గ్రాములు. అది ఇంటిల్లిపాదికీ కాదు, ఒక్కరికే అని రెండుసార్లు చెప్పింది. తొక్కు ఆదివారం మాత్రమే. నేత పనిలో ఉన్నవాళ్ళకు ఇంకో చిక్కుంది. మగ్గం దగ్గర కూర్చుంటే గంటకో చాయ్ వస్తుంది, ప్రతి దాంట్లోనూ రెండు చెంచాల చక్కెర. అన్నం మీద పెట్టిన శ్రద్ధ చాయ్ మీద ఎవరూ పెట్టరు. కల్లు గురించి ఆయనే అడిగాడు. షుగర్ కుదురుకునే దాకా వద్దని కార్డియాలజిస్టు నోట్‌బుక్‌లో రాశారు. రక్తహీనతకు ఫిజీషియన్ ఐరన్ మాత్రలు ఇచ్చారు.

మనసు

డిప్రెషన్ ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 27కి 14 వచ్చింది. మధ్యస్థం కిందికి వస్తుంది. గుండె ఆపరేషన్ తర్వాత దిగులు అరుదేం కాదు. దాన్ని నీరసం కింద కొట్టేయడమే ఎక్కువ. ఆయన ఏడ్చింది మాత్రం గుండె గురించి కాదు. నూలు తెచ్చిన అప్పు, సగంలో ఆగిపోయిన పడుగు (మగ్గం మీది నిలువు దారాలు), నెలలు దాటితే వేరేవాళ్ళకు పని ఇచ్చే మాస్టర్ వీవర్. కొడుకు మగ్గం వదిలేసి హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో చేరాడు. "నేను గూసుంటే మగ్గం గూసుంటది బిడ్డా" అన్నాడు సైకాలజిస్టుతో. మందులు అవసరం పడలేదు. వారానికోసారి కాల్, పడుకునే ముందు పది నిమిషాల శ్వాస సాధన, పగటి నిద్ర తగ్గించడం. అన్నిటికంటే పనిచేసింది సైకాలజిస్టు ఇచ్చిన తారీఖు. ఆపరేషన్ అయిన పన్నెండో వారం తర్వాత ఎముక బాగుంటే మగ్గం ఎక్కుతావు, ఈలోగా దానికే ప్రాక్టీసు అని చెప్పింది.

దాంపత్యం గురించి భార్య నర్సును విడిగా అడిగింది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ వేరే గదిలో పడుకుంటున్నారు. రెండంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే భయం లేదని నర్సు చెప్పింది. ఈ ప్రశ్న మగవాళ్ళు నన్ను అడగరు, మనమే ముందు ఎత్తాలి.

నడక

మా దగ్గరికొచ్చిన రెండో వారంలో పెట్టిన ఆరు నిమిషాల నడక పరీక్షలో 228 మీటర్లు వచ్చింది. మధ్యలో ఒకసారి ఆగాడు. ఇంట్లో నడక ఐదేసి నిమిషాలు, రోజుకు నాలుగుసార్లతో మొదలుపెట్టి, ఒకే దఫాలో అరగంట దాకా పెంచాం. విశ్రాంతి పల్స్ మీద 20 నుంచి 30 వరకు పెరగొచ్చు, అంతకు మించొద్దు. అయితే మెటోప్రోలాల్ వాడేవాళ్ళలో పల్స్ మందు చెప్పినట్టు వింటుంది. అందుకని అలసట కొలత కూడా కావాలి. ఆరు నుంచి ఇరవై దాకా ఉండే బోర్గ్ స్కేలు చూపిస్తే ఆయన ప్రతిసారీ పది అనేవాడు, మా మర్యాద కోసం. దాంతో "ఆడ్తపాడ్త", "జర బరువు", "ఇగ చాలు" అని మూడే మెట్లు పెట్టాం. "జర బరువు" దగ్గర ఆపాలి. నడుస్తూ మాట్లాడగలగాలి.

అప్పటికి ఎండాకాలం. నల్లగొండ ఎండ సంగతి తెలిసిందే. పొద్దున ఏడులోపు గుడి చుట్టూ నడక, తర్వాత ఇంట్లో. ఎప్పుడు ఆపి ఫోన్ చేయాలో నోట్‌బుక్ అట్ట లోపల రాయించాం. ఛాతీలో బరువుగా ఉండి చేతికో దవడకో పాకే నొప్పి, కూర్చున్నా తగ్గని ఆయాసం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, జ్వరం, గాయం నుంచి రసి, రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం. చివరిది ఎవరూ పట్టించుకోరు. ఒంట్లో నీరు చేరడం కాలి వాపు కంటే ముందు తూకంలో తెలుస్తుంది. సిర తీసిన ఎడమ కాలు ఎటూ వాచే ఉంటుంది కాబట్టి దాన్ని చూసి మోసపోతాం.

మగ్గం

అల్లుడు పంపిన పాత వీడియోతో అసలు ప్లాన్ తయారైంది. అది గుంట మగ్గం. మనిషి నేల మట్టాన అంచు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వదులుతాడు. పాదాలతో తొక్కుడు కర్రలు, కుడి చేత్తో నాడెను కదిలించే తాడు, ఎడమ చేత్తో పేకను (అడ్డం దారాన్ని) కొట్టే పలక. ట్రెడ్‌మిల్ మీద ఎంత నడిపించినా ఈ పనికి తయారు కాడు.

తాడుకు స్ప్రింగ్ తూకం కట్టి లాగించమన్నాం. రెండు నుంచి మూడు కిలోల మధ్య చూపించింది. అది పెద్ద బరువు కాదు. పలక కొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టడం వీడియోలో స్పష్టంగా కనిపించింది. అలా బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. సరే, అది మార్చొచ్చు. నన్ను కంగారుపెట్టింది వీడియో చివరి పది సెకన్లు. పని అయ్యాక ఆయన రెండు అరచేతులూ గుంట అంచుల మీద ఆన్చి, ఒక్క ఊపున ఒళ్ళంతా పైకి లేపుకుని బయటపడ్డాడు. అరవై రెండు కిలోల మనిషి. మోచేతులు వెడల్పుగా, బరువంతా ఛాతీ ఎముక మీదుగా. రోజుకు పది పదిహేనుసార్లు. నేసేటప్పుడు పడేదంతా ఒక ఎత్తు, గుంటలోంచి లేవడం ఒక ఎత్తు.

ఊళ్ళో వడ్రంగితో గుంటలో చెక్క మెట్టు చేయించారు. సెంటర్లో ముందు కుర్చీ మీంచి, తర్వాత అడుగు ఎత్తు బల్ల మీంచి, చివరికి ఆరంగుళాల పలక మీంచి చేతులు ఛాతీకి కట్టుకుని లేవడం సాధన చేయించాం. గుంటలోంచి అయితే పక్కకు తిరగాలి, ఒక కాలు మెట్టు మీద పెట్టాలి, తొడ బలంతో లేవాలి. చేయి పడకుండా చూసుకోవడానికే ఆనాలి. తొడల్లో బలం రావడానికి ఆరు వారాలు పట్టింది. గోడకు బిగించిన పుల్లీకి తాడు కట్టి, కిలో బరువుతో మొదలుపెట్టి లాగుతూ, కొట్టిన ప్రతిసారీ ఊపిరి వదలడం నేర్పాం.

మాకు కలిసొచ్చింది ఒకటుంది. అది ఇక్కత్ పని, అంటే నేయకముందే దారానికి రంగులు అద్దేది. ప్రతి పేకకూ రంగు సరిగ్గా కలిసిందా అని చూసుకోవాలి, తేడా ఉంటే దారాన్ని సర్దాలి. సాదా చీరలా వరసగా దంచుకుంటూ పోయేది కాదు. ఆ ఆగడంలోనే గుండెకు విరామం దొరుకుతుంది.

ఆపరేషన్ అయిన పదమూడో వారంలో ఎక్స్‌రే, పరీక్ష చూసి కార్డియాలజిస్టు సరేనన్నారు. మొదటి రోజు పది నిమిషాలు. నర్సు వీడియో కాల్‌లో ఉంది. ముందు పల్స్ 74, తర్వాత 96, "ఆడ్తపాడ్త" అన్నాడు. తర్వాతి రెండు వారాల్లో ఇరవై నిమిషాల చొప్పున రోజుకు మూడు దఫాలు, మధ్యలో లేచి నడక. నెల దాటాక పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు.

ఎక్కడున్నాం

ప్రోగ్రాం ముగిసేసరికి ఆరు నిమిషాల నడక 396 మీటర్లు, పీహెచ్‌క్యూ-9 స్కోరు 5, హెచ్‌బీఏ1సీ 7.4, హిమోగ్లోబిన్ 11.8. భుజం 150 డిగ్రీలకు వచ్చింది. ఇవన్నీ వ్యాయామం ఘనత అనలేను. మందు సరిచేయడం, తిండి, కాలం గడవడం అన్నీ కలిసే ఉన్నాయి. గుండెపోటు రోగులపై మన దేశంలో 24 ఆసుపత్రుల్లో జరిగి 2020లో అచ్చయిన, యోగాతో పునరావాసాన్ని పరీక్షించిన యోగా-కేర్ ట్రయల్‌లోనూ జీవన నాణ్యత, పనుల్లోకి తిరిగి రావడం మెరుగయ్యాయి. మరణాలు, మళ్ళీ గుండెపోట్లు తగ్గాయని మాత్రం రుజువు కాలేదు. మా పేషెంటుకు కూడా అంతకు మించి మాట ఇవ్వలేదు.

కానివి కూడా ఉన్నాయి. బీడీ పూర్తిగా పోలేదు. ఆసుపత్రిలో మానేశాడు, మగ్గం ఎక్కగానే మళ్ళీ పట్టాడు. నికోటిన్ గమ్ ఇస్తే "ఘాటు లేదు సారూ" అని పక్కన పెట్టేశాడు. ఇప్పుడు రోజుకు మూడు నాలుగు. మగ్గం మీంచి లేవడానికి ఆయనకున్న సాకు బీడీ ఒక్కటే. మేమేమో మధ్యమధ్య లేవమంటున్నాం. సైకాలజిస్టు ఆ చిక్కు మీదే పనిచేస్తోంది. వాపు రాకుండా కాలికి వేసే బిగుతు సాక్సు ఎండకు వేసుకోలేనన్నాడు, సాయంత్రానికి వాపు వస్తోంది. ఒక పడుగు తెమలడానికి ముందుకంటే చాలా ఎక్కువ రోజులు పడుతోంది, ఆదాయం ఆ మేరకు తగ్గింది. మాస్టర్ వీవర్‌తో అల్లుడు మాట్లాడి గడువు పెంచుకున్నాడు.

ఇంకొకటి మొదట్లో మేం లెక్కలో వేసుకోనిది. ఆయన పడకేసిన మూడు నెలలూ భార్య అక్క కుటుంబానికి ఆసు పోసి పెట్టింది. ఆసు అంటే చేత్తో దారాన్ని మేకుల చుట్టూ పైకీ కిందికీ వేల సార్లు తిప్పడం. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూసే ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈమె ఇంట్లో ఆ యంత్రం లేదు. నోట్‌బుక్ ఎడమ పేజీ రాసే చేయి కూడా అదే. పోయిన శనివారం ఆయన చెకప్ అయ్యాక ఆమె భుజం చూశాం. కుడిచేయి వెనక్కి తిప్పితే నడుం దాకా కూడా పోవడం లేదు. ఆమెకు వేరే నోట్‌బుక్ వద్దంది, అదే పుస్తకంలో వెనక నుంచి రాయమంది. ఆయనకు ఆరో నెలలో ట్రెడ్‌మిల్ టెస్ట్, ఎకో ఉన్నాయి. అదే రోజు ఆమెకూ షుగర్ పరీక్ష రాసిచ్చాం.